ఉత్తరుని రథము: హఠాద్భయమును గూర్చి ఒక స్మారకోపన్యాసము



ఒక తెలుగు పండితుని స్మృత్యర్థము ఏటేట జరుగుచున్న ఈ సభలో ఇంతవఱకు పెద్దలు కావ్యములను గూర్చియు, ఛందస్సును గూర్చియు, భారతమును గూర్చియు ప్రసంగించియున్నారు. అట్టి వేదికపై, నాడి చూచుట తప్ప మఱొకటి యెఱుగని ఒక వైద్యుని నిలువబెట్టుట యేల యను సందేహము మీకు కలుగుట సహజము; నాకును కలిగినది. ఆ మాటనే ఆ పండితుడైన మాస్టారి కుమార్తె నడుగగా ఆమె, "భారతం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు డాక్టరుగారూ. నాన్నగారి వంతెన గురించి చెప్పగలిగింది మీరొక్కరే. ఆయన దాచుకోలేదు, మీరూ దాచకండి" అన్నది. కావున ఆమె యనుమతితోడనే, ఎవరి పేర నీ సభ జరుగుచున్నదో ఆ మాస్టారికి వచ్చిన వ్యాధిని, దానిని నేను మొదట గుర్తింపలేకపోయిన తీరును, పిదప దానివలన మే మిరువురమును నేర్చుకొనిన పాఠమును మీకు నివేదింప వచ్చితిని.

అది 1989వ సంవత్సరము, శ్రావణమాసము. నే నప్పుడు కొవ్వూరులో వైద్యము చేయుచుంటిని. గోదావరి ఎఱ్ఱనీటితో గట్ల నొరసికొని పాఱుచుండెను. మాస్టారు ప్రతి ఆదివారమువలెనే రాజమండ్రిలో సాహిత్యగోష్ఠికని బస్సెక్కిరి. 1974లో రాకపోకలు మొదలైన ఆ రోడ్డు-రైలు వంతెన మీలో చాలమంది యెఱిగినదే: పైన బస్సులు, క్రింద రైళ్లు. బస్సు నడిమి నదిపైకి వచ్చుసరికి క్రింద నొక గూడ్సుబండి పోవుటచే వంతెన సన్నగా అదరెను. అది ఏండ్ల తరబడి ఆయనకు అలవాటైన అదురే. కాని ఆనాడు ఆ అదురుతోపాటు ఆయన గుండె యొక దెబ్బ తప్పినట్లయి, మఱుక్షణముననే దడదడ కొట్టుకొనజొచ్చెను. రొమ్ము బిగిసెను, ఊపిరి అందలేదు, వేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోయెను, గొంతు తడియారి, ఒడలంతయు చెమర్చి, తాను పట్టుకొనియున్న ముందుసీటు కమ్మీ సయితము కలలోని వస్తువువలె ఎక్కడనో దూరమున నున్నట్లు తోచెను. "బస్సాపండి, నేను పోతున్నాను" అని కేకవేసిరి. వంతెన నడుమ బస్సాగదు. ఒకరు మరచెంబులోని నీళ్లు మొగమున చిలుకరించిరి. ఒకరు గ్యాసు తన్నిన దనిరి. ఒకరు బి.పి. డౌనైన దనిరి. వెనుక సీటులోని ముసలమ్మ, "గోదారిని చూసి దడుసుకున్నాడు, తాయెత్తు కట్టించండి" అన్నది. బస్సు అవతలి గట్టున దిగి, వారాయనను ఆసుపత్రికి చేర్చుసరికి దడ సగము తగ్గెను. ఇ.సి.జి. తీసిరి. అందేమియు లేదు.

మఱునాడు ఆ కాగితము పట్టుకొని నాయొద్దకు వచ్చిరి. నేను నాడి చూచితిని, రక్తపోటు చూచితిని, రొమ్ముపై గొట్టము పెట్టి విన్నాను. "మీకేమీ లేదు మాస్టారూ. గుండె రాయిలా ఉంది. ఊరికే టెన్షన్ పడకండి" అని చెప్పితిని. ఆయన కొంతసేపు నా మొగమువంక చూచి, "ఏమీ లేకపోతే, నాకు వచ్చిందేమిటి డాక్టరుగారూ?" అని యడిగిరి. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు. నిద్రమాత్రలు వ్రాసి పంపివేసితిని.

ఈ 'ఏమీ లేదు' అను మాటను మా వృత్తిలోనివారు ఔషధముగా భావించి యిత్తుము. పుచ్చుకొనువానికి అది తీర్పుగా వినబడును. "నీవు చెప్పుచున్నది అబద్ధము, కానిచో నీవు పిఱికివాడవు" అని దాని భావముగా తోచును. కాళ్లు చేతులు చల్లబడి, ప్రాణము పోవుచున్నదని ప్రత్యక్షముగా అనుభవించినవానికి ఇంతకంటె అవమాన మేమి కలదు? ఆ నెలలోనే మాస్టారికి అట్టి దెబ్బ మఱి మూడుమారులు తగిలెను: ఒకసారి తరగతిలో, ఒకసారి పెండ్లిపందిరిలో, ఒకసారి నడిరాత్రి గాఢనిద్రలో. పిమ్మట ఆయన రాజమండ్రి వెళ్లుట మానిరి.

ఆయనకు వచ్చినదానిని ఇంగ్లీషు వైద్యములో పానిక్ ఎటాక్ అందురు. నేను దీనిని హఠాద్భయ మని పిలుచుచున్నాను; పేరు నచ్చనివారు మన పల్లెలలోని 'దడుపు' అను మాటనే వాడుకొనవచ్చును, అదియు చక్కని మాటయే. ఎదుట పులి లేకయే, దొంగ లేకయే, కొన్ని నిమిషములలో శిఖరమునకు చేరు తీవ్రమైన భయము దీని స్వరూపము. అమెరికా మనోవైద్య సంఘమువారు దీనికి 13 లక్షణములు చెప్పి, అందు నాలుగైనను ఒక్కసారిగా కనబడవలెనని నియమించిరి: గుండెదడ, చెమట, వణకు, ఊపిరాడకుండుట, గొంతు పట్టివేసినట్లుండుట, రొమ్మునొప్పి, కడుపులో త్రిప్పుట, తల తిరుగుట, చలి లేక వేడి యావిరులు, తిమ్మిరి, తానును లోకమును నిజము కానట్లు తోచుట, మతి తప్పునేమో యను భయము, ప్రాణము పోవునేమో యను భయము.

ఈ పట్టికను మొదటిసారి చదివినప్పుడు నాకు క్రొత్తగా తోచినది, మాస్టారికి తోచలేదు. ఆయన నవ్వి, "దీనిలో చాలావరకు భరతుడు చెప్పినవే" అనిరి. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అను నెనిమిది సాత్త్వికభావములను నాట్యశాస్త్రము లెక్కించినది; నిలువునా కొయ్యబాఱుట మొదలు స్మృతి తప్పుట వఱకు అవి దేహముపై మనస్సు వ్రాసెడి వ్రాతలు. అంతేకాదు, స్థాయియైన భయము వేఱు, వ్యభిచారిభావమైన త్రాసము వేఱు; ముందువెనుక లాలోచించుటవలన పుట్టునది భయమనియు, ఆలోచనకు చోటీయక హఠాత్తుగా మీదపడునది త్రాసమనియు ఆలంకారికులు కొందఱు వివేచించిరి. మాస్టారికి వచ్చినది త్రాసము. అది మరల వచ్చునేమో యని ఎదురుచూచుట భయము. ఈ రెంటిని వేఱుగా చూడగలుగుటయే వైద్యమునకు మొదటి మెట్టు.

ఇక దేహములో జరుగుచున్న దేమి? హార్వర్డు విశ్వవిద్యాలయమున శరీరశాస్త్రాచార్యుడైన వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథములో, ఆపద యెదురైన జంతువు పోరుటకో పాఱుటకో క్షణములో సిద్ధపడునని నిరూపించెను. మూత్రపిండములపై టోపీలవలె నున్న గ్రంథులు అడ్రినలిన్ రసమును రక్తములోనికి వదలును, గుండె వేగమగును, నెత్తురు జీర్ణకోశమునుండి కండరములకు మరలును, ఊపిరి హెచ్చును, చెమట పుట్టును. ఇది వ్యాధి కాదు. మనలను ఇన్ని వేల తరములు బ్రదికించిన కావలివాని కేక యిది. హఠాద్భయమున జరుగుచున్నదెల్ల, దొంగ రాకయే కావలివాడు కేకవేయుట మాత్రమే. కేక నిజము, దొంగ అబద్ధము.

ఆ వేళ మనిషి ఊపిరాడుట లేదనుకొని మఱింత వేగముగా పీల్చును. నిజమునకు ఆతనికి ప్రాణవాయువు తక్కువ కాలేదు. అవసరమునకు మించి వదలుటచే రక్తములోని బొగ్గుపులుసు గాలి తగ్గినది. అది తగ్గగానే మెదడుకు పోవు రక్తనాళములు కొంచెము ముడుచుకొనును, తల తిరుగును. నెత్తురు క్షారగుణము హెచ్చి, అందు స్వేచ్ఛగా నున్న కాల్షియము తగ్గును. పెదవుల చుట్టు, వ్రేళ్ల చివరల తిమ్మిరి పుట్టి చేతులు కొంకర్లు పోవును. మాస్టారి వేళ్లు ముందుసీటు కమ్మీపై బిగిసిన రహస్య మిదియే. పడిపోవుదునేమో యను భయమును గూర్చియు ఒక మాట. సామాన్యముగా మనిషి సొమ్మసిల్లునది రక్తపోటు పడిపోయినపుడు. హఠాద్భయమున అది పెరుగును గాని తరుగదు. రక్తమును, సూదిని చూచి కండ్లు తిరుగువారి సంగతి వేఱు. తక్కిన వారిలో ఈ భయముచే నేల కూలుట అరుదు. పడిపోదు ననుకొనుట వేఱు, పడుట వేఱు.

ఈ వ్యాధి చరిత్రలో 1871వ సంవత్సరమునకు ఒక విశిష్టత కలదు. అమెరికాలో అంతర్యుద్ధకాలమున ఫిలడెల్ఫియా సైనికవైద్యశాలలో పనిచేసిన జేకబ్ డ కోస్టా అను వైద్యుడు, గుండెలో ఏ లోపమును లేకయే దడతోను, రొమ్మునొప్పితోను, ఆయాసముతోను బాధపడిన సైనికులను 300 మందిని చూచి, ఆ సంవత్సరమున ఒక వ్యాసము ప్రకటించెను. వారి గుండెకు ఆతడు పెట్టిన పేరునకు 'చిరాకుపడు గుండె' అని యర్థము. ఆ సంవత్సరమే బెర్లినులో కార్ల్ వెస్ట్‌ఫాల్ అను మనోవైద్యుడు, విశాలమైన కూడలులను ఒంటరిగా దాటలేని ముగ్గురు పురుషులను వర్ణించి, గ్రీకుభాషలో సంతబయలునకు పేరైన 'అగోరా' శబ్దముతో ఆ వ్యాధికి నామకరణము చేసెను. ప్రక్కన తోడున్నచో వారు దాటగలిగెడివారు. తోడు లేనిచో చేతిలో కఱ్ఱ యున్నను కొంత నయమయ్యెడిది. ఒకరు దడను చూచిరి, ఇంకొకరు దాటలేకపోవుటను చూచిరి. ఆ రెండును ఒకే కొమ్మ పూచిన పూవులని తెలియుటకు నూఱేండ్లు పట్టెను. నడుమ 1895లో ఫ్రాయిడు నరముల నీరసమునుండి ఆందోళనవ్యాధిని వేఱుపఱచెను. మొదటి ప్రపంచయుద్ధమున సైనికవైద్యులు ఇదే దడకు వేఱువేఱు పేర్లు పెట్టిరి.

అసలు మలుపు న్యూయార్కులోని హిల్‌సైడ్ ఆసుపత్రిలో వచ్చినది. అచట డొనాల్డ్ క్లైన్ అను వైద్యుడు ఇమిప్రమిన్ అను క్రొత్త మందును, చావుభయముతో మాటిమాటికి నర్సుల బల్లయొద్దకు పరుగెత్తుకొనివచ్చు రోగులకు ఇచ్చి చూచెను. కొన్ని వారములు గడచినను, మందు పనిచేసినదా యని యడిగిన రోగి లేదనియే చెప్పెను. కాని పరుగెత్తుకొనివచ్చుట మానివేసినాడే యని నర్సులు గమనించిరి! హఠాత్తుగా వచ్చెడి దెబ్బ ఆగినది; అది మరల వచ్చునేమో యను బెదురు మాత్రము మిగిలినది; కావుననే వారిని బయటకు పంపుటకు మఱల బుజ్జగింపవలసివచ్చెను. త్రాసము వేఱు, భయము వేఱు అని ఆలంకారికు లన్నమాటకు ఇంతకంటె ప్రత్యక్షసాక్ష్యము వలయునా? 1964లో క్లైన్ ఈ భేదమును స్పష్టముగా వ్రాసెను. 1980లో అమెరికా వ్యాధివర్గీకరణ మూడవ కూర్పున ఇది ప్రత్యేకవ్యాధిగా చేరెను.

ఇది పిఱికితనము కాదనుటకు మఱొక నిదర్శనము. మెదడులో బాదంగింజ యాకారముగల ఒక చిన్నభాగము భయమునకు ముఖ్యస్థానము. ఒక అరుదైన వ్యాధిచే ఆ భాగము రెండువైపుల నశించిన స్త్రీ నొకామెను అమెరికా శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరిశీలించిరి; పాములను చూచినను, కత్తి చూపి బెదిరించినను ఆమె బెదరలేదు. 2013లో వారు ప్రకటించిన పరిశోధనలో, బొగ్గుపులుసు గాలి నూటికి 35 పాళ్లు కలిసిన వాయువును ఒక్క పీల్పు పీల్చగానే ఆ నిర్భయురాలు సయితము హఠాద్భయముచే తల్లడిల్లెను. ఊపిరినుండి పుట్టు ఈ భయమునకు ధైర్యసాహసములతో పని లేదు. వీరుడైనను భీరువైనను దేహమునకు ఒక్కటే.

అయినచో ఒక్కమారు వచ్చిన దెబ్బ కొందఱిలో ఊరక పోవుటకును, కొందఱిలో వ్రేళ్లూనుటకును కారణమేమి? దీనికి 1986లో డేవిడ్ క్లార్క్ అను ఇంగ్లండు మనస్తత్త్వవేత్త సూటియైన సమాధానము చెప్పెను. మెట్లెక్కినపుడో, కాఫీ యెక్కువైనపుడో, నిద్ర చాలనపుడో గుండె కొంచెము వేగమగును. దానిని మనస్సు 'ఇది గుండెపోటు' అని చదువును. ఆ చదువుటవలన భయము పుట్టును. భయమువలన గుండె మఱింత వేగమగును. ఆ వేగము గుండెపోటను అనుమానమును రూఢిచేయును. మన వేదాంతులు త్రాడును పామను భ్రాంతిని వేయిమారులు చెప్పినారు. కాని ఆ త్రాడు బయట పడియుండునది. ఇచట త్రాడు మన రొమ్ములోనే కలదు, చూచినకొలది కదలును. వెలుగు తెచ్చి చూపుదమన్న దీపము పట్టుకొనిన చేయియే వణకుచున్నది. కావుననే 'ఏమీ లేదు' అను ఉపదేశమువలన ఈ భ్రాంతి తొలగదు.

దీనిపై తప్పించుకొనుట యను మఱొక ముడి పడును. వంతెనపై వచ్చినది కనుక మాస్టారు వంతెన మానిరి. పిదప బస్సు మానిరి. పిదప పెండ్లిపందిళ్లలో గుమ్మము ప్రక్క కుర్చీలోనే కూర్చుండిరి. జేబులో మాత్రల సీసా లేనిదే వీథిలోనికి రారైరి. మానిన ప్రతిసారియు మనస్సు "చూచితివా, మానితివి కనుక బ్రదికితివి" అని బోధించును. అట్లు మానుటవలన భయము తీరదు. తన సరిహద్దురాళ్లను ఒక్కొక్క గజమే ముందుకు జరపుకొనును. 1990 నాటికి మాస్టారి లోకము ఇల్లు, బడి, ఆ నడిమి రెండు వీథులుగా కుదించుకొనిపోయెను. అవతలి గట్టుననున్న కుమార్తె పురిటికి సయితము ఆయన పోలేదు. ఆ రాత్రి నా యింటి యరుగుపై కూర్చుండి, "ఏ రోగమో పేరైనా చెప్పండి, లేకపోతే నేను పిరికివాణ్నని రాసివ్వండి" అని కంట తడిపెట్టిరి. అప్పటికి గాని నేను పుస్తకములు తిరుగవేయలేదు.

నేను వారిని విశాఖపట్నములోని ఒక మనోవైద్యునొద్దకు పంపితిని. వైద్యునొద్దకు పోవలెనన్నను ముందు గోదావరి దాటవలసినదే! రాత్రి రైలులో, కిటికీ తలుపులు వేసికొని, భార్య చేయి పట్టుకొని దాటిరి. ఆ వైద్యుడు పేరు చెప్పెను, బొమ్మ గీచి చూపెను, మందు వ్రాసెను, పిదప "మందు పందిరిగుంజ వంటిది. తీగె మీరే పాకించుకోవాలి. వంతెన మీదికి మీరు మళ్ళీ వెళ్ళాలి, కొంచెం కొంచెంగా" అని చెప్పి, ఆ పని నాకు అప్పగించెను.

ఆ పని యెట్లు చేసితిమో కొంచెము వివరముగా చెప్పెదను. మాస్టారు పాత పరీక్షపత్రముల కుట్టునొక దానిని తీసి, ఎఱ్ఱసిరాతో గళ్లు గీచిరి. ప్రతిదినము సాయంకాలము మే మిరువురము వంతెనవైపు నడిచెడివారము. మొదటివారము వంతెన మొదటిదీపస్తంభము వఱకే. అక్కడ నిలిచి ఆయన తన భయమునకు నూటికి మార్కులు వేసెడివారు. మొదటినాడు 90. నియమ మొక్కటే: మార్కులు సగమునకు దిగువఱకు ఉన్నచోటునుండి కదలరాదు. దడ వచ్చినచో దానితో పోరాడరాదు, పారిపోరాదు, "వచ్చినది, పెరుగును, తగ్గును" అని చూచుచు, ఊపిరిని నెమ్మదిగా, పీల్చినదానికంటె ఎక్కువసేపు వదలుచుండవలెను. మొదటినాడు సగమునకు దిగుటకు ముప్పాతిక గంట పట్టెను. నాలుగవనాడు పావుగంట. రెండవవారము పదవస్తంభము. ఒకనాడు క్రిందినుండి రైలు పోయెను; వంతెన అదరెను; ఆయన కమ్మీని గట్టిగా పట్టుకొనిరి. నేను మాటాడలేదు. కొంతసేపటికి ఆయనయే కలము తీసి, "80... 65... 40" అని వరుసగా వ్రాసికొని, "రైలు పోయింది డాక్టరుగారూ" అనిరి.

ఈ మార్గమును నేను కనిపెట్టలేదు. క్లేర్ వీక్స్ అను ఆస్ట్రేలియా దేశపు వైద్యురాలు 1962లోనే ఒక చిన్నపుస్తకములో దీనిని సామాన్యజనులకు బోధించియుండెను. ఆమె యౌవనమున క్షయ యని తప్పుగా చెప్పబడి, తానే గుండెదడతో బాధపడినది. ఎదుర్కొనుము, ఒప్పుకొనుము, తేలిపొమ్ము, కాలమును గడవనిమ్ము, ఇవి నాలుగే ఆమె సూత్రములు. దేహము కొట్టు మొదటి దెబ్బ మన చేతిలో లేదనియు, 'అయ్యో, వచ్చినదే!' యని మనము చేర్చుకొను రెండవ భయమే రోగమును నిలుపుచున్నదనియు ఆమె సిద్ధాంతము. గోదావరి యీతగాండ్రకు ఇది క్రొత్త కాదు: సుడిలో పడినవాడు చేతులు కొట్టుకొన్న మునుగును, ఒడలు వదలి తేలినవాడు బయటపడును.

మందులను గూర్చి రెండు మాటలు. ఈనాడు ఈ వ్యాధికి సెరటోనిన్‌పై పనిచేయు మందులు మొదట వాడుదురు; అవి పనిచేయుటకు కొన్ని వారములు పట్టును, మొదటిరోజులలో కొందఱికి బెదురు కొంచెము హెచ్చవచ్చును, కుదిరిన తరువాత కొన్ని నెలలు వాడి క్రమముగా తగ్గింపవలెను; తమంత తాము ఆపరాదు. నేను మాస్టారికి మొదట వ్రాసిన నిద్రమాత్రల జాతివి అప్పటికప్పుడు చల్లార్చును గాని, అలవాటుపడిన విడువవు. కాగితపుసంచిలో ఊపిరి పీల్చు చిట్కాను మానుట మేలు. అది నిజమైన ఉబ్బసమో గుండెజబ్బో యైనచో ప్రమాదము.

ఇచట నేను వైద్యుడనుగా గట్టిగా చెప్పవలసినది కలదు. ప్రతి గుండెదడయు హఠాద్భయము కాదు. మొదటిమారు రొమ్ము నొప్పి వచ్చినవారు, నొప్పి యెడమచేతికో దవడకో ప్రాకినవారు, నిజముగా స్పృహ తప్పినవారు, నడివయస్సు దాటినవారు, చక్కెరజబ్బు గలవారు మఱేమియు ఊహింపక 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవలెను. థైరాయిడు హెచ్చుట, రక్తహీనత, గుండె లయ తప్పుట, రక్తములో చక్కెర పడిపోవుట, సారా అలవాటున్నవాడు హఠాత్తుగా మానుట, ఇవియు ఇదే వేషము వేసికొని వచ్చును. ఒకసారి చక్కగా పరీక్షింపవలెను. ఆ పరీక్ష ముగిసిన పిదప మాత్రము నెలకొక ఇ.సి.జి., ఊరికొక డాక్టరు అని తిరుగరాదు. అదియు తప్పించుకొనుటలో నొక విధమే.

ఇక మాస్టారి పాఠమునకు వచ్చెదను. ఆయన విరాటపర్వము చెప్పునపుడు ఉత్తరకుమారుని ఘట్టమున తరగతి నవ్వులతో మ్రోగెడిదట. అంతఃపురములో ఆడువారి నడుమ ప్రగల్భములు పలికిన రాకుమారుడు కౌరవసేనను చూడగానే ఒడలు గగుర్పొడిచి, విల్లు పాఱవైచి, రథము దుమికి పరుగు లంకించుకొనుటను ఆయన ముంగాళ్లపై నిలిచి అభినయించెడివారు. 'ఉత్తరకుమార ప్రగల్భములు' అని మన భాషలో సామెతయే పుట్టినది. వంతెన పాఠము నడచుచున్న రోజులలో ఒకనాడు ఆయన నాతో అనిరి: "ముప్పై ఏళ్ళు ఆ పిల్లవాణ్ని చూసి నవ్వించాను. ఆ ఘట్టంలో చూడవలసింది పరుగెత్తినవాణ్ని కాదండీ, వెంట పరుగెత్తినవాణ్ని." నిజమే కదా! బృహన్నలయైన అర్జునుడు ఆతనిని మందలించెను గాని వదలిపెట్టలేదు, ఇంటికి పొమ్మనలేదు. అట్లని నీవే పోరాడుమనియు అనలేదు. రథము నగరమువైపు పోనీయక, జమ్మిచెట్టుకడకు మరలించి, ఆయుధములు దింపించి, తానెవరో చెప్పి, పగ్గములు ఆతని చేతికిచ్చి, ఏ సేనను చూచి పాఱెనో ఆ సేన నడుమనే రథము నడిపించెను. తోడు, పేరు, చేతికొక పని, మరల అదే చోటు: హఠాద్భయమునకు చికిత్స యంతయు ఈ నాలుగింటిలో కలదు.

1991 గోదావరి పుష్కరములు వచ్చినవి. పుష్కరస్నానమునకు కొవ్వూరువారికి గోష్పాదరేవు చాలును. ఎవరును నది దాటనక్కఱలేదు. మాస్టారు మాత్రము ఇసుక వేసిన రాలనంత జనముతో క్రిక్కిఱిసిన బస్సులో, నన్ను రావద్దని చెప్పి, ఒక్కరే వంతెన దాటి, కోటిలింగాల రేవులో మునిగి, కుమార్తె యింట భోజనము చేసి, మనుమని ఎత్తుకొని, సాయంకాలము మరల వచ్చిరి. పత్రముల కుట్టు నా చేతిలో పెట్టిరి. ఆనాటి గడిలో ఎఱ్ఱసిరాతో 35 అని యుండెను. "భయానికి 35 వచ్చాయండీ. అదీ పాసైంది, నేనూ పాసయ్యాను" అనిరి. సున్న రాలేదేమని నేనడుగలేదు. సున్న వచ్చువఱకు వంతెన యెక్కనని కూర్చుండినవాడు ఎన్నటికి నెక్కడని ఆయనకు అప్పటికే తెలియును. ఆ తరువాతను ఒకటి రెండు మారులు దడ వచ్చినది. వచ్చి, కూర్చుండి, పోయినది.

సభాసదులారా, మిమ్ము నేను కోరునది స్వల్పము. మీ యింట ఎవరికైన ఈ దడుపు వచ్చినచో ఒకసారి పరీక్ష చేయించుడు. పిదప 'ఏమీ లేదు' అనకుడు, 'ధైర్యంగా ఉండు' అనకుడు. ఇతరులు చూచి నవ్వుదురని దాచకుడు. "ఇది వచ్చింది. కాసేపట్లో తగ్గుతుంది. నేనిక్కడే ఉన్నాను" అని ప్రక్కన కూర్చుండుడు, తగ్గిన తరువాత, తప్పించుకొనిన చోటికి మరల వెంటబెట్టుకొని పొండు. తోడు దొరకనివారు, దూరదేశమున చదువుకొనుచు గదిలో ఒంటరిగా వణకుచున్న మన పిల్లలు, అక్కడి వైద్యుని చూచుటకు సిగ్గుపడరాదు. మన దేశములో నున్నవారు టెలీ-మానస్ వారి 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును.

చివరి మాట మాస్టారిదే. ఉత్తరుని గూర్చి లోకము గోగ్రహణమునాటి పరుగునే చెప్పుకొనును. కురుక్షేత్రమున మొదటి దినముననే ఏనుగు నెక్కి మద్రరాజైన శల్యుని రథము నెదుర్కొని, వెనుదిరుగక ప్రాణము విడిచినవాడును ఆ ఉత్తరుడే. తరగతిలో ఆ ఘట్టమును కూడ తప్పక చెప్పవలెనని మాస్టారు తరువాతి పండితులకు చెప్పిపోయిరి. నేను మీకు చెప్పితిని.